డీబీఎంఎస్ ల్యాబ్ నిజంగా రావాలంటే ఇంట్లో పద్దు పుస్తకం ముందేసుకోండి

సెకండియర్లో డీబీఎంఎస్ (డేటాబేస్ మేనేజ్‌మెంట్ సిస్టమ్, అంటే డేటాని టేబుల్స్‌లో దాచి వెతికే సబ్జెక్టు) మొదలవగానే మా క్లాసులో అందరం చేసింది ఒకటే, సీనియర్ల రికార్డు తెచ్చుకుని ఎంప్లాయీ టేబులూ డిపార్ట్‌మెంట్ టేబులూ చూసి ఎక్కించేసుకోవడం. ఎక్స్‌టర్నల్ అయిపోయింది, మార్కులూ వచ్చాయి. సంక్రాంతికి ఇంటికెళ్తే నాన్న పద్దు పుస్తకం తెచ్చి "ఈ లెక్కలు నీ కంప్యూటర్లో ఎక్కించి ఏ రైతుకి ఎంత బాకీ ఉన్నామో చెప్పరా" అన్నారు. మొదటి టేబుల్లో ఏ కాలమ్ పెట్టాలో కూడా తెలీలేదు నాకు. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు, నాన్న రైతుల దగ్గర కొబ్బరికాయ కొని మార్కెట్‌కి తోలతారు. ఆ పుస్తకాన్ని టేబుల్స్ కింద మార్చడానికి నాకు రెండు నెలలు పట్టింది, డీబీఎంఎస్ అంటే ఏంటో అర్థమైంది మాత్రం ఆ రెండు నెలల్లోనే. అందుకే ఇప్పుడు ఈ సబ్జెక్టు చదువుతున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ నేను ఎలా నేర్చుకున్నానో వరసగా రాస్తున్నా.

ముందు అసలు సంగతి చెప్తా. మీకు జవాబు ముందే తెలిసిన లెక్కతో నేర్చుకోండి. ఒరాకిల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే ఆ ఎంప్ (ఎంప్లాయీ) టేబుల్ చూశారుగా, అందులో 14 మంది ఉంటారు, స్కాట్ జీతం 3000, కింగ్ జీతం 5000. మన క్వెరీ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) తప్పు రాసి స్కాట్ జీతం 6000 అని వచ్చినా మనకేం అనిపించదు, ఎందుకంటే స్కాట్ ఎవరో మనకి తెలీదు. అదే మీ పెదనాన్న చెరువులో మేత ఖర్చు డబుల్ వచ్చిందనుకోండి, ఎక్కడో తేడా కొట్టిందని చూడగానే తెలిసిపోతుంది. క్వెరీలు రాసే భాష ఎస్‌క్యూఎల్‌లో ప్రమాదం ఎర్రర్ వచ్చినప్పుడు కాదు, ఎర్రర్ రాకుండా తప్పు జవాబు వచ్చినప్పుడు. అది పట్టుకోవాలంటే లెక్క మనది అయ్యుండాలి.

మన గోదావరి జిల్లాల్లో ఇలాంటి లెక్కలకి కొదవ లేదు. భీమవరం వైపు వాళ్లైతే రొయ్యల చెరువు తీసుకోండి, ఏ చెరువులో ఎప్పుడు పిల్ల వేశారు, రోజుకి మేత ఎంత, పట్టుబడికి కౌంట్ ఎంత వచ్చింది (కిలోకి 60 రొయ్యలు తూగితే 60 కౌంట్, అంటే కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, వరసలో పెట్టమనే ఆర్డర్ బై ప్రాక్టీసుకి ఇంతకంటే మంచి కాలమ్ దొరకదు). వరి ఉంటే సార్వా, దాళ్వా అని సీజన్ ఒక కాలమ్, ఎకరాలు, బస్తాలు, కౌలు. కడియం వాళ్లకి నర్సరీ మొక్కలు ఉండనే ఉన్నాయి. కిరాణా కొట్టు అరువు పుస్తకమైనా పర్లేదు. నేను మాత్రం కొబ్బరితోనే చెప్తా, నాకు తెలిసింది అదే కాబట్టి.

సాఫ్ట్‌వేర్ సంగతి తొందరగా చెప్పేసి ముందుకెళ్తా. మీ కాలేజీ ల్యాబ్‌లో ఒరాకిల్ ఉంటే ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్ ఉంటే మైఎస్‌క్యూఎల్, పరీక్ష దాని మీదే కాబట్టి ల్యాబ్‌లో దాన్నే వాడండి. ఇంట్లో లాప్‌టాప్ ఓ మాదిరిగా ఉంటే మైఎస్‌క్యూఎల్ కమ్యూనిటీ ఎడిషన్ వేసుకోండి, ఫ్రీనే. మరీ పాత లాప్‌టాప్, ర్యామ్ తక్కువ, ఆన్ చేస్తే ఫ్యాన్ మోత, అలాంటిదైతే ఎస్‌క్యూలైట్ చాలు, దానికి సర్వరూ పాస్‌వర్డూ ఏమీ ఉండవు, మొత్తం డేటాబేస్ ఒక్క ఫైలు. ఏది వేసుకున్నా అడుగున ఉన్న సరుకు ఒకటే, 1970లో ఐబీఎంలో పనిచేసే కాడ్ అనే ఆయన ఒక పేపర్ రాశాడు, డేటా అంతా టేబుల్స్‌లో పెట్టి, దాన్ని ఎక్కడ ఎలా దాచారో వాడేవాడికి అక్కర్లేకుండా చెయ్యాలని, ఇవన్నీ ఆ పేపర్ నుంచి పుట్టినవే. వైవాలో ఆ ఏడాది, ఆ పేరు అడుగుతారు, గుర్తుంచుకోండి.

మైఎస్‌క్యూఎల్ వేసేటప్పుడు రూట్ పాస్‌వర్డ్ అడుగుతుంది, అది నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకోండి, ఇది చిన్న విషయం అనుకోకండి, మా హాస్టల్లో ముగ్గురు ఆ పాస్‌వర్డ్ మర్చిపోయి మొత్తం తీసేసి మళ్లీ వేసుకున్నారు. లాగిన్ అవుతుంటే 1045 నంబరు ఎర్రర్ వస్తే యూజర్ పేరో పాస్‌వర్డో తప్పని, 2003 వస్తే సర్వర్ అసలు నడవట్లేదని, అప్పుడు విండోస్ సర్వీసెస్‌లోకి వెళ్లి మైఎస్‌క్యూఎల్ స్టార్ట్ చెయ్యాలి. ఈ రెంటినీ కలిపేసుకుని చాలామంది గంటలు గంటలు పోగొట్టుకుంటారు.

ఇక్కడ నుంచి కంప్యూటర్ మూసేసి కాగితం తీసుకోండి.

మా నాన్న పుస్తకంలో ఒక్కో లైను ఇలా ఉంటుంది: తేదీ, రైతు పేరు, ఊరు, ఫోను, ఏ రకం కాయ, ఎన్ని, వెయ్యికి రేటు ఎంత, మొత్తం ఎంత, అందులో ఎంత ఇచ్చాం. మొదట నేను దాన్ని ఉన్నదున్నట్టు ఒకే టేబుల్ కింద కొట్టేశాను, తొమ్మిది కాలమ్‌లు. రెండు రోజుల్లో ఇబ్బంది మొదలైంది. ఒక రైతు ఫోన్ నంబరు మారింది, ఆయనవి ఇరవై లైన్లు ఉన్నాయి, ఇరవైలోనూ మార్చాలి, నేను పద్దెనిమిదింట్లో మార్చి రెండు వదిలేశాను. ఇప్పుడు ఆయన నంబరు ఏది? డేటాబేస్‌కీ తెలీదు నాకూ తెలీదు.

పేరు సంగతి ఇంకా ఘోరం. అన్నవరం దేవుడి పేరు కాబట్టి మా వైపు సత్యనారాయణ అని పిలిస్తే వీధిలో నలుగురు తిరిగి చూస్తారు. పుస్తకంలో నాన్న చేతిరాత చూసి ఏ సత్యనారాయణో నాన్నకి తెలుస్తుంది, కంప్యూటర్‌కి తెలీదు, నలుగురి కాయలూ ఒకళ్ల ఖాతాలో కూడేస్తుంది. ప్రైమరీ కీ (ఒక్కో లైనుని విడిగా గుర్తుపట్టించే కాలమ్) ఎందుకు అని వైవాలో అడిగితే ఇప్పుడైతే నేను చెప్పే జవాబు ఇదే. పేరు కీ కాదు, ఫోనూ కీ కాదు (తండ్రీ కొడుకులకి ఒకటే ఫోను ఉంటుంది, లేదా అసలు ఉండదు), కాబట్టి రైతుకి మనమే ఒక నంబరు ఇవ్వాలి. 7వ నంబరు రైతు అంటే ఎప్పటికీ ఒక్కరే.

నార్మలైజేషన్ (ఒకే విషయం పదిచోట్ల రాయకుండా టేబుల్స్ చీల్చడం) అంటే భయపడేవాళ్ల కోసం మన జిల్లాల కథే చెప్తా, దీన్ని మించిన ఉదాహరణ ఏ టెక్స్ట్‌బుక్‌లోనూ లేదని నా నమ్మకం. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. అప్పటిదాకా తూర్పు గోదావరిలో ఉన్న అమలాపురం, రాజోలు, అంబాజీపేట కోనసీమ జిల్లాలోకి వచ్చాయి, అదే ఏడాది ఆ జిల్లా పేరు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ అయ్యింది. ఇప్పుడు మీ దగ్గర ఒకే పెద్ద టేబుల్ ఉండి, ప్రతి కొనుగోలు లైనులోనూ ఊరు, మండలం, జిల్లా అని టైపు చేసి ఉంటే, వేల లైన్లలో జిల్లా పేరు మార్చాలి, ఒకే ఏడాదిలో రెండుసార్లు. అదే జిల్లాలకి ఒక టేబుల్, మండలాలకి ఒక టేబుల్, ఊళ్లకి ఒక టేబుల్ ఉంటే? మొదటిసారి మండలాల టేబుల్లో జిల్లా నంబరు మారుస్తారు, ఇరవై చిల్లర లైన్లు, రెండోసారి జిల్లాల టేబుల్లో ఒకే ఒక్క లైను. రైతుల టేబుల్, కొనుగోళ్ల టేబుల్ ముట్టుకోనే అక్కర్లేదు. థర్డ్ నార్మల్ ఫామ్ అంటే ఇంతే అండి. జిల్లా అనేది కొనుగోలుకి సంబంధించిన విషయం కాదు, మండలానికి సంబంధించిన విషయం, కాబట్టి మండలం దగ్గరే ఉండాలి. ట్రాన్సిటివ్ డిపెండెన్సీ అని పుస్తకంలో రాసేది దీన్నే.

ఫస్ట్ నార్మల్ ఫామ్ ఇంకా తేలిక. మా దగ్గర కురిడీలో (ఎండిన కొబ్బరి) గండేరా వేరు, గటగట వేరు, ఎండని నీటికాయ వేరు. ఒక గడిలో "గండేరా 500, గటగట 300" అని రాసేస్తే రేపు గండేరా మొత్తం ఎంత అని అడిగినప్పుడు కూడలేరు. రకానికో లైను రాయాలి.

అలా చీల్చుకుంటూ పోతే చివరికి నాకు మిగిలినవి ఇవి: జిల్లాలు, మండలాలు, ఊళ్లు, కాయ రకాలు, రైతులు, కొనుగోళ్లు, చెల్లింపులు. రైతుల టేబుల్లో రైతు నంబరు, పేరు, ఫోను, ఊరు నంబరు. కొనుగోళ్లలో కొనుగోలు నంబరు, రైతు నంబరు, తేదీ, రకం నంబరు, కాయలు, వెయ్యి రేటు. చెల్లింపుల్లో చెల్లింపు నంబరు, రైతు నంబరు, తేదీ, సొమ్ము. కాగితం మీద డబ్బాలు గీసి గీతలు కలపండి, ఈఆర్ డయాగ్రమ్ అయిపోయింది, రికార్డులో మొదటి ఎక్స్‌పెరిమెంట్ కూడా అయిపోయింది.

ఇక్కడ రెండు అనుమానాలు అందరికీ వస్తాయి. రేటు కాయ రకాల టేబుల్లో ఉండాలి కదా, కొనుగోళ్లలో ఎందుకు అని. రేటు రోజూ మారుతుంది, రకం దగ్గర పెట్టి ఇవాళ మార్చేస్తే కిందటి నెల కొన్న కాయల లెక్క కూడా మారిపోతుంది, రైతుతో గొడవే. ఆ రోజు ఆ కాయకి ఒప్పుకున్న రేటు ఆ కొనుగోలుదే, అందుకే అక్కడ. రెండోది, మొత్తం అనే కాలమ్ ఎందుకు తీసేశాను అని. కాయలు గుణించి రేటు చేస్తే అదే వస్తుంది కదా, రెండు చోట్లా ఉంటే ఒకటి దిద్ది ఒకటి మర్చిపోతాం.

ఇప్పుడు కంప్యూటర్ తెరవండి. కమాండ్లు నేను పలికినట్టు తెలుగులో రాస్తున్నా, మీరు ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టాలి, టేబుల్ పేర్లు కూడా ఇంగ్లీష్ అక్షరాల్లోనే పెట్టుకోండి, పరీక్షలో అదే సుఖం.

క్రియేట్ టేబుల్ రాసేటప్పుడు అసలు ఆలోచించాల్సింది డేటా టైపులు. ఫోన్ నంబరు అంకెలే కదా అని ఇంట్ (పూర్ణాంకాల టైపు) పెట్టకండి, మైఎస్‌క్యూఎల్‌లో ఇంట్ 2147483647 దాకానే పడుతుంది, తొమ్మిదితో మొదలయ్యే పది అంకెల సెల్ నంబరు అందులో పట్టదు. కూడికలు తీసివేతలు చెయ్యని అంకెలన్నీ వార్‌క్యారే (అక్షరాల టైపు), ఫోన్, ఆధార్, 45/2 లాంటి సర్వే నంబర్లు, అన్నీ. డబ్బుకి ఫ్లోట్ వద్దు, డెసిమల్ పెట్టండి, ఫ్లోట్ పైసల్ని సుమారుగా దాస్తుంది, వెయ్యి లైన్లు కూడితే తేడా బయటపడుతుంది. పొలం విస్తీర్ణానికీ డెసిమల్ బాగా కుదురుతుంది, ఎకరానికి 100 సెంట్లు కాబట్టి ఎకరంన్నర అంటే 1.50. తేదీకి డేట్ టైపే, వార్‌క్యార్ పెట్టి 5-4-22 అని రాస్తే వరసలో పెట్టమన్నప్పుడు అక్షరాల లెక్కన పేరుస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో తేదీ రాసేది ఏడాది, నెల, రోజు వరసలో, '2022-04-05' అని.

పేర్లు తెలుగులో పెట్టుకుంటారా? పెట్టుకోవచ్చు. మైఎస్‌క్యూఎల్ 8 నుంచి అన్ని భాషల అక్షరాలూ దాచే యూటీఎఫ్8ఎంబీ4 డిఫాల్ట్‌గా వస్తుంది కాబట్టి తెలుగు బానే పడుతుంది, అంతకుముందు వెర్షన్లలో సెట్ చెయ్యకపోతే ప్రశ్న గుర్తులు వచ్చేవి. ఒరాకిల్‌లో ఇంకో మెలిక ఉంది, వార్‌క్యార్2లో 50 అంటే మామూలుగా 50 బైట్లు, తెలుగులో ఒక్కో అక్షరానికి, ఒక్కో గుణింతానికి, ఒక్కో పొల్లుకి మూడేసి బైట్లు పోతాయి, అంటే పదహారే పడతాయి, స్త్రీ అన్న మాటకే పద్దెనిమిది బైట్లు. అక్కడ 50 క్యార్ అని విడిగా రాయాలి.

ఫారిన్ కీలు (కొనుగోళ్లలో ఉన్న రైతు నంబరు రైతుల టేబుల్లో ఉండి తీరాలనే లంకెలు) తప్పకుండా పెట్టండి. చాలా రికార్డుల్లో ఎక్కువ ఎర్రర్లు వస్తాయని తీసేస్తారు, నాకు అది చూస్తే బాధేస్తుంది, ఆ ఎర్రర్లు రావడానికే కదా వాటిని పెట్టేది. లేని రైతు నంబరుతో కొనుగోలు ఎక్కించబోతే మైఎస్‌క్యూఎల్ 1452 అంటుంది, ఒరాకిల్ ఓఆర్‌ఏ 02291 అంటుంది, అంటే ముందు రైతుని ఎక్కించు తర్వాత కాయలు అని. తీసేటప్పుడు తిరగేసి, ముందు కాయలు తర్వాత రైతు. ఎస్‌క్యూలైట్ వాడేవాళ్లు జాగ్రత్త, అందులో ఫారిన్ కీ చెకింగ్ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, కనెక్ట్ అయిన ప్రతిసారీ ప్రాగ్మా ఫారిన్_కీస్ = ఆన్ కొట్టాలి.

తర్వాత ఇన్‌సర్ట్‌లు. యాభై లైన్లు చేత్తో కొట్టండి, కాపీ పేస్ట్ వద్దు. ఎక్కడ కామా ఉండాలో ఎక్కడ కోట్ ఉండాలో అక్కడే వేళ్లకి అలవాటవుతుంది. 1064 వస్తే సింటాక్స్ తప్పు, మెసేజ్‌లో "నియర్" అని ఒక ముక్క చూపిస్తుంది కదా, తప్పు సాధారణంగా ఆ ముక్కలోనో దానికి కాస్త ముందో ఉంటుంది, అంటే అక్కడి నుంచి వెనక్కి చదువుకుంటూ రండి.

సెలెక్ట్ మొదట ఒక్క టేబుల్ మీదే వారం రోజులు చెయ్యండి. ఇక్కడ గుర్తు పెట్టుకోవాల్సింది, మనం రాసే వరస వేరు, అది ఆలోచించే వరస వేరు. మనం సెలెక్ట్ ముందు రాస్తాం, అది ఫ్రమ్ ముందు చూస్తుంది, తర్వాత వేర్, తర్వాత గ్రూప్ బై, తర్వాత హ్యావింగ్, అప్పుడు సెలెక్ట్, చివర్లో ఆర్డర్ బై. వేర్‌లో సమ్ ఎందుకు రాయకూడదో, హ్యావింగ్‌లో ఎందుకు రాయొచ్చో దీంతోనే తేలిపోతుంది. కాయలు రాశి పొయ్యకముందు పుచ్చువి ఏరేస్తే అది వేర్, రాశులు పోశాక చిన్న రాశిని పక్కకి నెట్టేస్తే అది హ్యావింగ్.

నల్ గురించి ఒక పూట కూర్చోండి. మా రైతుల్లో కొందరికి ఫోను లేదు, అక్కడ నల్. ఫోను లేనివాళ్లు ఎవరో చూద్దామని "వేర్ ఫోను = నల్" అని కొడితే ఒక్కరూ రారు, ఎర్రరూ రాదు. నల్ అంటే సున్నా కాదు, ఖాళీ కాదు, తెలీదు అని. తెలీనిది తెలీనిదానికి సమానమా అంటే అదీ తెలీదు. అందుకే "ఫోను ఈజ్ నల్" అని రాయాలి. అలాగే కౌంట్ స్టార్ అంటే రైతులందరూ, కౌంట్ ఫోను అంటే ఫోను ఉన్నవాళ్లే. ఒరాకిల్‌లో ఖాళీ కోట్స్ పెట్టినా నల్ కిందే లెక్క, మైఎస్‌క్యూఎల్‌లో అది వేరు ఇది వేరు.

ఇప్పుడు నాన్న అడిగిన ప్రశ్నకి వద్దాం, ఏ రైతుకి ఎంత బాకీ. 7వ నంబరు రైతుని తీసుకుందాం, రేటు లెక్కకి తేలిగ్గా ఉండాలని వెయ్యికి పదివేలు అనుకోండి. ఆయన దగ్గర మూడుసార్లు కొన్నాం, 2000, 3000, 1000 కాయలు, అంటే 20000, 30000, 10000 రూపాయలు, మొత్తం 60000. రెండుసార్లు ఇచ్చాం, 15000, 25000, మొత్తం 40000. ఇంకా 20000 ఇవ్వాలి, ఇది వేళ్ల మీద లెక్క.

జాయిన్ (టేబుల్స్ కలిపే కమాండ్) చెప్పిన రోజు అందరూ రాసేది నేనూ రాశాను, రైతులకి కొనుగోళ్లు కలిపి, దానికే చెల్లింపులు కలిపి, రైతు నంబరు మీద గ్రూప్ బై చేసి, ఒక సమ్‌లోంచి ఇంకో సమ్ తీసేశాను. ఎర్రర్ లేదు, చక్కగా నడిచింది. 7వ నంబరు రైతు బాకీ ఎంత వచ్చిందో తెలుసా? సున్నా.

సున్నా అంటే ఎంత నమ్మకంగా ఉంటుందో చూడండి, లెక్క తీరిపోయినట్టే కనిపిస్తుంది. ఆయనకి ఇరవై వేలు ఇవ్వాలని నాకు ముందే తెలుసు కాబట్టి ఆగాను, తెలీకపోతే బాకీ లేదని నాన్నకి చెప్పేసేవాణ్ని. రెండు గంటలు చూశాక గ్రూప్ బై, సమ్‌లు తీసేసి ఉత్తి లైన్లు చూశాను, అప్పుడు కనపడింది. మూడు కొనుగోళ్లు, రెండు చెల్లింపులు, ప్రతి కొనుగోలు ప్రతి చెల్లింపుతోనూ జతకట్టి ఆరు లైన్లు అయ్యాయి. కొనుగోళ్లు ఒక్కోటి రెండుసార్లు కూడింది, 60000 కాస్తా 120000. చెల్లింపులు ఒక్కోటి మూడుసార్లు, 40000 కూడా 120000. తీసేస్తే సున్నా. నాకు జాయిన్ అంటే ఏంటో నిజంగా అర్థమైంది ఆ ఆరు లైన్లు చూసినప్పుడే, జాయిన్ పక్కన పెట్టి చూపించడం కాదు, కుదిరిన ప్రతి జతకీ ఒక లైను పుట్టించడం.

సరైన పద్ధతి, దేని మొత్తం అది ముందు కట్టేసి, రైతుకి ఒక్క లైనే చేసి, అప్పుడు కలపడం:

సెలెక్ట్ ఆర్.పేరు, కోఅలెస్(కె.విలువ, 0) - కోఅలెస్(సి.ఇచ్చింది, 0)
ఫ్రమ్ రైతులు ఆర్
లెఫ్ట్ జాయిన్ (సెలెక్ట్ రైతు_నంబరు, సమ్(కాయలు * వెయ్యి_రేటు / 1000) యాజ్ విలువ ఫ్రమ్ కొనుగోళ్లు గ్రూప్ బై రైతు_నంబరు) కె ఆన్ కె.రైతు_నంబరు = ఆర్.రైతు_నంబరు
లెఫ్ట్ జాయిన్ (సెలెక్ట్ రైతు_నంబరు, సమ్(సొమ్ము) యాజ్ ఇచ్చింది ఫ్రమ్ చెల్లింపులు గ్రూప్ బై రైతు_నంబరు) సి ఆన్ సి.రైతు_నంబరు = ఆర్.రైతు_నంబరు;

లెఫ్ట్ జాయిన్ ఎందుకంటే కొంతమంది అడ్వాన్స్ తీసుకుంటారు, కాయ ఇంకా ఇవ్వరు. మామూలు జాయిన్ చేస్తే వాళ్లు లిస్టులోంచే మాయమైపోతారు, మన డబ్బు బయట ఉన్న మనిషే కనపడడు. కోఅలెస్ (నల్ వస్తే దాని బదులు సున్నా పెట్టేది) ఎందుకంటే కాయ ఇవ్వనివాళ్లకి విలువ నల్, నల్‌లోంచి ఐదువేలు తీసేస్తే నల్లే వస్తుంది, మైనస్ ఐదువేలు రాదు. దీన్ని చూసి ఎక్కించుకోవడం కాదు, లోపలి రెండు సెలెక్టులూ విడివిడిగా నడిపి, ఒక్కోటి ఏం ఇస్తుందో చూసి, అప్పుడు అతికించండి. పెద్ద క్వెరీ ఎవరూ ఒక్క ఊపులో రాయరు.

ఇక నాకు బాగా నష్టం చేసిన సంగతి ఒకటి చెప్పాలి. కాలేజీలో ఒరాకిల్ మీద నేర్చుకున్నాను, అక్కడ పొరపాటున ఏదైనా డిలీట్ చేస్తే రోల్‌బ్యాక్ కొట్టేవాళ్లం, వచ్చేసేది. ఇంట్లో మైఎస్‌క్యూఎల్‌లో ఒక రైతువి రెండు తప్పు చెల్లింపులు తీసేద్దామని డిలీట్ ఫ్రమ్ చెల్లింపులు అని కొట్టి, వేర్ రాయకముందే సెమీకోలన్ పెట్టి ఎంటర్ నొక్కేశాను. మూడొందల పైచిలుకు లైన్లు పోయాయి. రోల్‌బ్యాక్ కొట్టాను, ఓకే అంది, టేబుల్ మాత్రం ఖాళీగానే ఉంది. మైఎస్‌క్యూఎల్‌లో ఆటోకమిట్ మామూలుగా ఆన్‌లో ఉంటుంది, ప్రతి కమాండూ అప్పటికప్పుడే ఖాయమైపోతుంది, ఒరాకిల్ ఎస్‌క్యూఎల్ ప్లస్‌లో అలా కాదు. పద్దు పుస్తకం ఉంది కాబట్టి సరిపోయింది, రెండు రాత్రులు కూర్చుని మళ్లీ కొట్టాను.

అప్పట్నించి ఇది నా పద్ధతి, మీరూ చెయ్యండి. తీసేయాల్సింది ముందు సెలెక్ట్ స్టార్‌తో చూడాలి, అనుకున్న రెండు లైన్లే వచ్చాయా అని లెక్కపెట్టుకుని, అప్పుడు సెలెక్ట్ స్టార్ అన్నచోట డిలీట్ అని మార్చాలి, వేర్ ముట్టుకోకూడదు. దానికంటే ముందు స్టార్ట్ ట్రాన్సాక్షన్ కొట్టాలి, అప్పుడు మైఎస్‌క్యూఎల్‌లో కూడా రోల్‌బ్యాక్ పనిచేస్తుంది. డ్రాప్ (టేబుల్నే తీసేయడం), ట్రంకేట్ (టేబుల్ మొత్తం ఖాళీ చెయ్యడం) మాత్రం రెంటిలోనూ రోల్‌బ్యాక్‌తో వెనక్కి రావు.

ట్రాన్సాక్షన్ అంటే మా వైపు వాళ్లకి చెప్పడం తేలిక. నర్సాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు (మనుషుల్నీ బళ్లనీ దాటించే పెద్ద పడవ) మీద వశిష్ట గోదావరి దాటతాం కదా, ఎక్కాక అవతలి రేవుకైనా చేరాలి, కుదరకపోతే బయల్దేరిన రేవుకైనా తిరిగి రావాలి, మధ్యలో దిగడం అనేది లేదు. ఒక రైతు ఖాతాలో తప్పుగా రాసిన పదివేలు ఇంకో రైతు ఖాతాలోకి మార్చాలంటే రెండు అప్‌డేట్‌లు, మొదటిదయ్యాక కరెంటు పోతే పదివేలు గాల్లో ఉంటాయి. రెంటినీ ఒక ట్రాన్సాక్షన్‌లో పెడితే, కరెంటు వచ్చాక సర్వర్ లేచి సగంలో ఆగినదాన్ని తనే వెనక్కి తీసేస్తుంది. తుపాను రోజుల్లో మా ఊళ్లో ఇది కళ్లారా చూశాను. మీరూ చూడాలనుకుంటే కరెంటు పోయేదాకా ఆగక్కర్లేదు, స్టార్ట్ ట్రాన్సాక్షన్ కొట్టి, ఒక అప్‌డేట్ చేసి, కమిట్ (ఖాయం) చెయ్యకుండా ఆ మైఎస్‌క్యూఎల్ విండో మూసేయండి, మళ్లీ తెరిచి చూడండి.

వైవా గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కీలు ఎన్ని రకాలు, నార్మల్ ఫామ్‌లు, డిలీట్‌కీ ట్రంకేట్‌కీ తేడా, జాయిన్‌లు, ఏసిడ్ లక్షణాలు (ట్రాన్సాక్షన్‌కి ఉండాల్సినవి), ఇంతకుమించి చాలా తక్కువ అడుగుతారు, పైన చెప్పిన లెక్క మీరు చేతులారా చేసుంటే ప్రతిదానికీ సొంత ఉదాహరణ చెప్పగలరు. ఎంప్ టేబుల్ ప్రశ్నలూ తేలికైపోతాయి, అందులో డిపార్ట్‌మెంట్ అంటే మీ ఊరు, ఎంప్లాయీ అంటే మీ రైతు. ల్యాబ్‌లో ఒరాకిల్, ఇంట్లో మైఎస్‌క్యూఎల్ అయితే మాత్రం తేడాలు ఒక పేజీలో రాసి పెట్టుకోండి, మొదటి ఐదు లైన్లు కావాలంటే మైఎస్‌క్యూఎల్‌లో లిమిట్ 5, ఒరాకిల్ 12సీ నుంచి ఫెచ్ ఫస్ట్ 5 రోస్ ఓన్లీ, అంతకంటే పాతది ఉంటే రోనమ్. పరీక్ష హాల్లో లిమిట్ కొట్టి ఎర్రర్ చూసి చెమటలు పట్టినవాళ్లని చూశాను.

చివరిగా బ్యాకప్. వారానికోసారి కమాండ్ ప్రాంప్ట్‌లో మైఎస్‌క్యూఎల్‌డంప్ కొట్టి ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లోనో మెయిల్‌లోనో పెట్టండి. అది ఉత్తి టెక్స్ట్ ఫైలు, తెరిస్తే మీ క్రియేట్ టేబుల్స్, ఇన్‌సర్ట్‌లు అన్నీ అందులో కనిపిస్తాయి. తీసిపెట్టుకుంటే సరిపోదు, ఆ ఫైలు పక్క రూమ్ ఫ్రెండ్ లాప్‌టాప్‌లో ఎక్కించి, పైన రాసిన బాకీ క్వెరీ నడిపి చూడండి. 7వ నంబరు రైతుకి 20000 అని వస్తే మీ బ్యాకప్ బాగున్నట్టే.